లోన్ తీరినా ఈసీలో పాత తాకట్టు: మాకు పనిచేసిన దారి

చెన్నై పెరంబూర్‌లో మా ఫ్లాట్ మీద లోన్ ఎప్పుడో తీర్చేశాం. మళ్లీ లోన్‌కి వెళ్తే, ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) పాత తాకట్టు కనిపిస్తోందని కొత్త బ్యాంకు ఆపేసింది. నో డ్యూస్ లెటర్ చూపించాను, సిబిల్ సరిచేయించాను, ఈసీ మళ్లీ తీశాను, లాభం లేదు.

ఈసీలో ఆ తాకట్టు వరుసలో ఉన్న డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం రాసుకుని, అవే వేసి రసీదు పత్రం (బాకీ తీరింది, తాకట్టు విడిచాం అని బ్యాంకు రాసిచ్చేది) ఇమ్మని పాత బ్యాంకును అడిగాను. ఒక్క అంకె తప్పినా మళ్లీ మొదటికొస్తుందని టెన్షన్, డ్రాఫ్ట్ మూడుసార్లు చదివాను. తమిళనాడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ టీఎన్‌రెజినెట్‌లో టోకెన్ తీసుకుని, బ్యాంకు అధికారితో కలిసి, తాకట్టు రిజిస్టరైన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకే వెళ్లాం. బ్యాంకు అధికారి సంతకం చేశాక పత్రం రిజిస్టరైంది. కొత్త ఈసీలో పాత వరుస పోలేదు, రసీదు వరుస చేరింది. బ్యాంకుకు అది చాలింది.

మాది రిజిస్టరైన తాకట్టు కాబట్టి ఇలా కుదిరింది. మీది కాకపోతే ముందు లాయరుకు ఈసీ చూపించండి.