విడాకుల సమన్లు పంపే ముందు అడ్రసు సరిచూసుకోండి

వేసవి సెలవులు ముగిసి కోర్టులు తెరవగానే మా ఆఫీసుకు విడాకుల కేసులు వరసగా వస్తాయి. తిరుపతిలో పద్దెనిమిదేళ్లుగా ప్లీడరు గుమస్తాగా పనిచేస్తున్నాను. వచ్చినవాళ్లు ముందుగా అడిగేది, "ఎన్నాళ్లు పడుతుందన్నా?" అని. నేను ముందుగా అడిగేది, "అవతలివాళ్లు ఇప్పుడు ఎక్కడుంటున్నారు?" అని. దీనికి తిన్నగా జవాబు చెప్పనివాళ్ల కేసులే తర్వాత ఎక్కువ ఏడిపిస్తాయి.

ఒకాయన చిత్తూరు కొంగారెడ్డిపల్లెలో తాము అద్దెకున్న పాత ఇంటి అడ్రసు ఇచ్చాడు. భార్య అక్కడి నుంచి వెళ్లిపోయి అప్పటికే రెండేళ్లు. సమన్ల కవరు తిరిగొచ్చింది. వెనకవైపు పోస్ట్‌మ్యాన్ నీలం పెన్నుతో రెండు తేదీలు వేసి, కింద "ఇల్లు ఖాళీ చేసి వెళ్లారు" అని రాశాడు. తర్వాత పేపరు ప్రకటన వేశారు. ఆమె రాలేదు. ఆమె లేకుండానే ఈయనకు అనుకూలంగా తీర్పు, అంటే ఎక్స్‌పార్టీ డిక్రీ, అయిపోయింది. ఈయన కొత్త సంబంధం ఖాయం చేసుకునే టైముకు ఆమె కోర్టుకు వచ్చింది. పలమనేరులో పుట్టింట్లోనే ఉందట. పాప స్కూలు ఫీజు ఈయనే కట్టిన రసీదులు, ఆ ఊరి పేరుతో సహా, జడ్జిగారి ముందు పెట్టింది. డిక్రీ రద్దయి కేసు మళ్లీ మొదటికొచ్చింది. ఆ రోజు అడ్రసు గురించి నేనూ గట్టిగా అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

సమన్లు సరిగ్గా అందలేదని తేలితే, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 13 కింద ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమని అడగొచ్చు. గడువు 30 రోజులే అయినా, సమన్లు అందనివాళ్లకు ఆ 30 రోజులు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి మొదలవుతాయి. ఎప్పుడో ముగిసిందనుకున్న కేసు మళ్లీ లేవడానికి ఇదే కారణం. వాయిదా తేదీ తెలిసుండి, రావడానికి తగినంత టైము ఉండి కూడా రానివాళ్లకు మాత్రం చిన్న చిన్న లోపాలు చూపించినంత మాత్రాన డిక్రీ రద్దు కాదు.

అందుకే పిటిషన్ టైపు చేయించక ముందే అడ్రసు సంగతి చూడండి. ఆధార్‌లో ఉన్నది చాలదు. శ్రీకాళహస్తి లాంటి ఊళ్లు 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలోకి వచ్చాయి, చాలామంది కార్డుల్లో ఇంకా చిత్తూరు జిల్లా అనే ఉంది. పిన్‌కోడ్, మండలం పోస్టాఫీసులో అడిగి సరిచూసుకోండి. పల్లెల్లో డోర్ నంబరు లేకపోతే తండ్రి పేరు, వీధి, "రాములవారి గుడి వెనక" అన్న గుర్తు కూడా రాయండి. శ్రీసిటీలోనో బెంగళూరులోనో ఉద్యోగమైతే ఆఫీసు అడ్రసు కూడా ఇవ్వండి. తెలిసిన అడ్రసు దాచి "ఆచూకీ తెలియదు" అని అఫిడవిట్‌లో ప్రమాణం చేయొద్దు. కాళ్లు పట్టుకుని చెబుతున్నాను, అంతకంటే పెద్ద పొరపాటు ఇందులో లేదు.

సమన్లు పంపేది కోర్టే, మీరు కాదు. ఒకటి అమీనా (సమన్లు ఇంటికి తెచ్చి ఇచ్చే కోర్టు ఉద్యోగి) చేతికి, ఇంకొకటి పోస్టులో వెళ్తుంది. కోర్టు అనుమతిస్తే మీ చేతికే ఇచ్చి అందించమంటారు. బత్తా, అంటే సమన్లు పంపడానికి కోర్టుకు కట్టే ఖర్చు, టైముకు కట్టాలి. సమన్లు అందకుండా తిరిగొస్తే ఏడు రోజుల్లో మళ్లీ పంపమని అడగాలి, లేదంటే కేసే కొట్టేయొచ్చు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి రసీదుతో పాటు ట్రాకింగ్ పేజీ ప్రింటు కూడా ఫైల్లో పెట్టండి. మీకై మీరు వాట్సాప్‌లో ఫోటో పెట్టి బ్లూ టిక్ చూపిస్తే సమన్లు అందినట్టు కాదు.

కాగితం ఆ మనిషి చేతికే అందాలి. ఇంట్లో లేకపోతే, దగ్గర్లో తిరిగొచ్చే సూచన కూడా లేకపోతే, కలిసి ఉంటున్న కుటుంబంలో వయసొచ్చినవాళ్లెవరైనా తీసుకోవచ్చు. పనిమనిషికి ఇస్తే చెల్లదు. భార్యాభర్తలు ఇంకా ఒకే ఇంట్లో ఉంటే, కోడలి సమన్లను అత్తగారు సంతకం పెట్టి తీసుకోకూడదు. అది ఆమెకు అందిందని నేనైతే నమ్మను, కోర్టు నమ్ముతుందనీ అనుకోవద్దు. తీసుకోనంటే అమీనా తలుపుకు అంటించి, ఇల్లు చూపించిందెవరో, ఎవరి ముందు అంటించారో రిపోర్టులో రాస్తారు. అందుకే ఇల్లు చూపించడానికి మీరు వెళ్లకుండా, గొడవలకు పోని తెలిసిన మనిషిని పంపండి. గంగమ్మ జాతర రోజునో, ఇంట్లో పెళ్లి జరుగుతుంటేనో పంపొద్దు. పిల్లల చేతికిచ్చి "మీ అమ్మకివ్వు" అనడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

భర్త చెయ్యి చేసుకునే మనిషైతే, అక్కా, సమన్లు వెళ్లే వారం మీరు ఆ ఇంట్లో ఉండకండి. బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు ముందే పుట్టింటికి చేర్చండి. అత్యవసర సాయానికి 112, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబర్లు ఫోన్‌లో పెట్టుకోండి.

అవతలివాళ్లు విదేశాల్లో ఉంటే ఇంకా టైము పడుతుంది. ఒక దేశం కోర్టు కాగితాలు ఇంకో దేశంలో అందించడానికి కుదిరిన హేగ్ సర్వీస్ ఒప్పందం మన దేశానికి 2007 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. అమెరికా లాంటి సభ్య దేశాలకు కాగితాలు ఆ దారిలో వెళ్లాలి. అక్కడి కోర్టు కాగితం నేరుగా పోస్టులో ఇక్కడికి పంపడానికి మన దేశం ఒప్పుకోలేదు. అక్కడి కోర్టులో విడాకులు తెచ్చుకున్నా ఇక్కడ చెల్లకపోవచ్చు, మన ఊరికి సంబంధించిన కేసే ఒకటుంది. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒకాయన ఇక్కడి సబ్ కోర్టులో ఒక పిటిషన్ వేసి, తర్వాత అమెరికాలోని మిస్సోరి కోర్టులో విడాకులు తెచ్చుకున్నాడు. మళ్లీ పెళ్లి చేసుకుంటే మొదటి భార్య కేసు పెట్టింది. ఆ విదేశీ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఇక సమన్లు మీ ఇంటికే వస్తే తీసుకోండి. సంతకం పెడితే విడాకులకు ఒప్పుకున్నట్టేనని చాలామంది భయపడి తలుపు వేసుకుంటారు. కాగితం అందిందనడానికే ఆ సంతకం. దాంతోపాటు పిటిషన్ కాపీ ఉందో లేదో చూసి, పేజీలు లెక్కపెట్టి, అందిన తేదీ కవరు మీద రాసుకోండి. లాయరుకు డబ్బు లేదని వాయిదా మానేయొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇస్తారు. 15100కి ఫోన్ చేయండి, లేదా ఆ కవరు పట్టుకుని కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లండి.