విదేశాల నుంచి సబ్బులు, క్రీములు తెచ్చేటప్పుడు: విశాఖవాసులకు కొన్ని సూచనలు

విదేశాలకు వెళ్లి వచ్చేవాళ్లు ఈ మధ్య చాక్లెట్లతో పాటు సబ్బులు, క్రీములు, సన్‌స్క్రీన్లు కూడా విరివిగా తెచ్చి బంధువులకు పంచుతున్నారు. చాక్లెట్ ఒకరికి నచ్చకపోతే ఇంకొకరు తింటారు, కానీ క్రీము ఒక మనిషి చర్మం మీద గంటల తరబడి ఉండే వస్తువు. అందువల్ల ఏ దేశంలో ఏది ప్రసిద్ధి అని వెతకడానికి ముందు, ఎవరి కోసం కొంటున్నాం, వారి చర్మం గురించి మనకు ఎంత తెలుసు అని ఆలోచించుకోవాలి. ప్రయాణానికి ముందే పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, జిడ్డు చర్మమా, పొడి చర్మమా, మొటిమలు ఉన్నాయా, సువాసనలు పడతాయా లేదా అన్నది పేరు పేరుకూ పక్కన రాసి పెట్టుకోవడం మంచిది. ఈ సంగతులు తెలియని వారికి సబ్బు, ఫేస్‌వాష్ వంటి కడిగేసుకునే వస్తువులే తేవాలి. రాసుకుని గంటల తరబడి ఉంచుకునే సీరమ్‌లను, నైట్ క్రీములను బాగా ఎరిగిన వారికే ఇవ్వాలి. ముడతలు తగ్గించడానికి వాడే విటమిన్ ఎ రకపు పదార్థం రెటినాల్ కలిసినవి మాత్రం గర్భిణులకు, గర్భం కోసం ఎదురుచూస్తున్న వారికి ఎంత ఖరీదైనవైనా ఇవ్వకూడదు.

రెండో విషయం మన ఊరి గాలి. విశాఖలో ఉక్కపోత ఏడాదిలో ఎక్కువ నెలలు ఉంటుంది కాబట్టి, ఐరోపా చలికాలం కోసం తయారైన చిక్కటి క్రీమును ఇక్కడ ముఖానికి రాసుకుంటే అది చెమటతో కలిసి కారిపోతుంది. అటువంటిది ఇప్పటికే కొని ఉంటే మడమల పగుళ్లకు వాడుకోవడం ఉత్తమం. మన వాతావరణానికి జెల్ రూపంలో ఉన్నవి, నీళ్లలా పలచగా ఉన్నవి సరిపోతాయి, ఆ రకాలు జపాన్, కొరియా దేశాలలో విరివిగా దొరుకుతాయి.

ఆ రెండు దేశాల నుంచి తేవలసినవాటిలో నేను సన్‌స్క్రీన్‌కే మొదటి స్థానం ఇస్తాను. ఎస్.పి.ఎఫ్. అన్న అంకె చర్మాన్ని కమిలించే అతినీలలోహిత ‘బి’ కిరణాల నుంచి కలిగే రక్షణను తెలిపితే, దాని పక్కన ఉండే పి.ఎ. గుర్తు చర్మం లోతుకు చేరి మచ్చలకు, ముడతలకు కారణమయ్యే ‘ఎ’ కిరణాల నుంచి రక్షణ ఎంతో చెబుతుంది. జపాన్‌లో 1996లో మొదలైన ఈ పి.ఎ. పద్ధతిలో 2013 నుంచి నాలుగు ప్లస్ గుర్తులు అత్యధిక స్థాయిగా ఉన్నాయి. బీచ్ రోడ్డులో రోజూ పొద్దున్నే నడిచే మామయ్యకైనా, స్కూటీ మీద ఆఫీసుకు వెళ్లే వదినకైనా ఈ నాలుగు ప్లస్‌లు ఉండి, నీటికి, చెమటకు తట్టుకుంటుందని రాసి ఉన్న రకాన్ని ఎంచుకోవాలి. కొనే ముందు దుకాణంలోని నమూనాను మీ దవడ అంచున రాసుకుని, లోపలి దీపాల కింద కాకుండా బయటికి వచ్చి పగటి వెలుతురులో అద్దంలో చూసుకోవాలి. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఎక్కువగా ఉన్నవి చామనఛాయ ముఖం మీద విభూతి పూసినట్టు తెల్లగా తేలతాయి, దుకాణం దీపాల కింద ఆ తెలుపు కంటికి ఆనదు.

కొరియా బ్రాండ్లు ఇప్పుడు మన దేశంలో ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతున్నాయి కాబట్టి, అంత దూరం నుంచి మోసుకొచ్చే ముందు ఇక్కడి ధర ఎంతో ఫోనులో చూసుకోవాలి.

ఎవరికైనా నిశ్చింతగా ఇవ్వదగినది, ఆ ఊరి చరిత్రను వెంట తెచ్చేది సబ్బు. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరం పేరు మీద అమ్మే ఘనాకారపు సబ్బు ముక్క మీద 72 శాతం అన్న ముద్ర కనిపిస్తుంది, అది నూనెల వంతును సూచించే సంప్రదాయ ముద్ర. ఆ ముద్ర ఒక్కదాన్నే నమ్మకుండా పదార్థాల పట్టికలో రంగులు, పరిమళాలు కలిపారేమో కూడా చూడాలి. సిరియాలోని అలెప్పో సబ్బును ఆలివ్ నూనెతో, లారెల్ అనే చెట్టు కాయల నూనెతో ఉడికించి, కోసి, నెలల తరబడి ఆరబెడతారు. పైకి గోధుమరంగులో ఉండే ఆ ముక్కను కత్తితో కోస్తే లోపల ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఈ నైపుణ్యాన్ని యునెస్కో 2024లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. సిరియా దాకా వెళ్లకుండానే ఐరోపా దుకాణాలలో ఈ సబ్బు దొరుకుతుంది. మన తేమలో ఇటువంటి సబ్బులు త్వరగా నానిపోతాయి కనుక, అడుగున చిల్లులున్న సబ్బుపెట్టెలో ఉంచమని ఇచ్చేటప్పుడే చెప్పాలి.

విశాఖతో పాత సంబంధం ఉన్న కానుక, బర్మావారు ముఖానికి పూసుకునే థనఖా. రంగూన్ వెళ్లి బతికి, తిరిగి వచ్చిన తెలుగు కుటుంబాలు మన ఊళ్లో ఉన్నాయి, కంచరపాలెం వైపు బర్మా క్యాంపు ఆ జ్ఞాపకంతోనే నిలిచింది. థనఖా చెట్టు బెరడును గుండ్రటి రాతి పలక మీద నీళ్లతో అరగదీసి, ఆ లేత పసుపు గంధాన్ని అక్కడివారు బుగ్గలకు పూసుకుంటారు. ముడి కట్టెను తెస్తే మొక్కల క్వారంటైన్ నిబంధనలు అడ్డు రావచ్చు కాబట్టి, ముద్ద రూపంలోనో పొడి రూపంలోనో ప్యాక్ చేసినది కొనాలి. రంగూన్ నుంచి తిరిగి వచ్చిన కుటుంబంలోని పెద్దావిడకు ఇది ఇస్తే ఎంత ఖరీదైన సీరమూ దీనికి సాటి రాదని నా నమ్మకం.

తెల్లబరిచే క్రీములను మాత్రం ఏ దేశం నుంచీ తేవద్దని గట్టిగా చెబుతున్నాను. వాటిలో కొన్నింటిలో పాదరసం ఉంటుంది, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, రాసుకున్న తల్లి చేతుల నుంచి ఇంట్లో పిల్లలకూ అంటుతుంది. పాదరసం మీద మినమాటా అంతర్జాతీయ ఒప్పందం ఇటువంటి సౌందర్య సాధనాలను నిషేధించింది, అయినా తయారీదారు చిరునామా లేని, పదార్థాల పట్టిక లేని డబ్బాలు బజార్లలో తిరుగుతూనే ఉన్నాయి. ఆరోగ్యం సంగతి అలా ఉంచినా, ఒక ఆడపిల్లకు అటువంటి క్రీము ఇవ్వడమంటే ఆమె రంగుకు వంక పెట్టడమే. థాయ్‌లాండ్‌లో గంజాయి ఆకు బొమ్మతో అమ్మే బామ్‌లు, నూనెలు కూడా మన మాదకద్రవ్యాల చట్టం దృష్ట్యా అక్కడే వదిలేయాలి.

తేదీలు చదవడంలో తొందర పనికిరాదు. థాయ్‌లాండ్‌లో బుద్ధ శకం వాడుకలో ఉన్నందున డబ్బా మీద 2569 అని కనిపిస్తే 543 తీసివేయాలి, అంటే అది 2026. కొరియా పెట్టెల మీద ఏడాది ముందుగా, తర్వాత నెల, రోజు వస్తాయి, కొన్నింటి మీద తయారీ తేదీ మాత్రమే ఉండవచ్చు కాబట్టి అమ్మేవారిని అడిగి తేల్చుకోవాలి. ఐరోపాలో 30 నెలలకు మించి నిలవ ఉండే వస్తువుల మీద, మూత తెరిచిన డబ్బా బొమ్మలో 6 లేక 12 అన్న అంకె ఉంటుంది, మూత తీశాక అన్ని నెలల్లోపు వాడేయాలని దాని అర్థం.

అంతర్జాతీయ విమానాలలో సాధారణంగా చేతిసంచిలో ద్రవాలు, క్రీములు, జెల్‌లు ఒక్కో సీసాలో 100 మిల్లీలీటర్లకు మించకూడదు, సీసాలన్నీ ఒక లీటరు పట్టే పారదర్శక సంచిలో ఇమడాలి. మిగిలినవి పెద్ద పెట్టెలో వేయాలి. మూత తీసి, సీసా మూతికి చిన్న ప్లాస్టిక్ కాగితం అడ్డుపెట్టి, మూత మళ్లీ బిగించి, జిప్ కవరులో నిలువుగా పెట్టి, చుట్టూ బట్టలు సర్దితే కారినా నష్టం ఉండదు. సీల్ తీయకూడని కానుకలకు మూత చుట్టూ టేపు చుడితే చాలు. హైదరాబాద్, చెన్నై మీదుగా వచ్చేవారు సాధారణంగా మొదట దిగిన చోటే కస్టమ్స్ కోసం పెద్ద పెట్టెను తీసుకోవలసి వస్తుంది కాబట్టి, డ్యూటీ ఫ్రీలో కొన్న పెద్ద సీసాలను అక్కడే అందులోకి మార్చుకోవాలి. ఒకే రకం డజన్ల కొద్దీ తెస్తే అది సొంత వాడకం అనిపించుకోదు, అమ్మకానికి తెచ్చే సౌందర్య సాధనాలకు మన దేశంలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

ఇచ్చేటప్పుడు తెలుగులో ఒక చిన్న చీటీ రాసి అంటించండి: ఇది ఏమిటి, ఉదయం రాసుకోవాలా రాత్రా, ఏ తేదీలోపు వాడాలి. ముందుగా మోచేతి లోపలివైపు కొంచెం రాసి రెండు రోజులు చూడమని చెప్పండి. ఎర్రబడినా దురద పెట్టినా వెంటనే కడిగేసి వాడకం ఆపాలి, తగ్గకపోతే కింగ్ జార్జ్ ఆసుపత్రికైనా (కె.జి.హెచ్.) తెలిసిన చర్మవైద్యుల దగ్గరికైనా వెళ్లాలి. పదార్థాల పట్టిక చాలాసార్లు డబ్బా మీద కాకుండా అట్టపెట్టె మీదే ఉంటుంది కనుక, ఆ అట్టపెట్టెను పారేయవద్దని, డాక్టరు దగ్గరికి డబ్బాతో పాటు దాన్ని కూడా తీసుకెళ్లమని చీటీ చివర రాయండి.