చింతను దేవునికి అప్పగించి నిద్రపోవడం ఎలా?

నిద్ర పట్టని విశ్వాసి తరచుగా రెండు బరువులు మోస్తుంటాడు. ఒకటి నిద్రలేమి, రెండవది, తన విశ్వాసం చాలకపోవడం వల్లే నిద్ర రావడం లేదేమోనన్న అపరాధభావం. ముందుగా ఈ రెండవ బరువును దించుకోవాలి. 77వ కీర్తనలో ఆసాపు, నీవు నా కన్నులు మూతపడనీయవని దేవునితోనే మొరపెట్టుకున్నాడు. ఆ మొర బైబిలులో ప్రార్థనగానే నిలిచింది. తన ప్రాణం తీసుకొమ్మని వేడుకొని బదరీవృక్షం కింద నిద్రపోయిన ఏలీయాను దేవదూత గద్దించలేదు. తట్టి లేపి, భోజనం చేయమని చెప్పాడు, తిన్న తరువాత అతడు మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు.

ప్రార్థనను నిద్రమాత్రలా వాడుకోవడం కూడా మానుకోవాలి. "ప్రభువా, ఇప్పుడే నిద్ర దయచేయి" అని అడిగి, నిమిషనిమిషానికీ గడియారం చూసుకుంటే మెలకువే పెరుగుతుంది, ఎందుకంటే నిద్ర ప్రయత్నిస్తే వచ్చేది కాదు. రాత్రి అడగవలసింది నిద్రను కాదు, అప్పగించగల మనసును. "ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు" అని 121వ కీర్తన చెబుతోంది. కాపలా ఆయనది గనుక మనం మేలుకొని ఉండవలసిన అవసరం లేదన్నదే ఇక్కడ చెప్పే పద్ధతులన్నింటికీ ఆధారం.

పడుకోవడానికి ఒక గంట ముందు, పడకగది బయట కూర్చొని, మనసును తొలిచే విషయాలను కాగితం మీద ఒక్కొక్కటిగా రాయండి. ప్రతి దాని పక్కన రేపు చేయగలిగిన పని ఒక్కటి రాయండి: "అమ్మ మోకాలి నొప్పి – ఉదయం డాక్టరుకు ఫోన్ చేయాలి." చేయగలిగింది ఏమీ లేకపోతే ఆ మాటే రాయండి: "తమ్ముడి ఉద్యోగం – నా చేతిలో లేదు, ప్రభువుకు అప్పగించాను." తరువాత ఆ కాగితాన్నే మెల్లగా చదువుతూ ప్రార్థించి, మడిచి, అక్కడే వదిలి రండి. "మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి" అన్న పేతురు మాటను చేతలతో పాటించడమంటే ఇదే. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, పడుకునే ముందు 5 నిమిషాలు రాబోయే రోజుల పనులను రాసుకున్న యువతీయువకులు, అయిపోయిన పనులను రాసుకున్నవారికంటే త్వరగా నిద్రలోకి జారుకున్నారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్ర పట్టింది గనుక, "ఇంటి సమస్యలు" అని ముక్తసరిగా రాసి ఊరుకోకండి.

సూర్యుడు అస్తమించే వరకు కోపం నిలిచి ఉండకూడదని ఎఫెసీయులకు రాసిన పత్రికలో ఉంది. దీన్ని అర్ధరాత్రి దాకా వాదించి తేల్చుకోవాలన్న ఆజ్ఞగా తీసుకోవడం పొరపాటని నా అభిప్రాయం. మీ వైపు తప్పుంటే ఒక్క వాక్యంలో ఒప్పుకోండి. మిగిలినది రేపు ఏ వేళకు మాట్లాడుకోవాలో ఇద్దరూ అనుకొని ఆపేయండి. దేవుని ఎదుట ఒప్పుకోలు కూడా అంతే క్లుప్తంగా ఉండాలి; క్షమాపణ అడిగి, పొంది, ఆ రోజు జరిగిన ఒక మేలును పేరుపెట్టి చెప్పి కృతజ్ఞతతో ముగించండి.

ఆ తరువాత ప్రతి రాత్రీ ఒకే కీర్తన చదవండి. 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠవాసుల కోసం రాసిన నియమావళిలో, రోజులోని చివరి ప్రార్థనకు 4, 91, 134 కీర్తనలనే మార్పు లేకుండా నిర్ణయించాడు. ఆ ప్రార్థన ముగిశాక మౌనం పాటించమన్నాడు. రాత్రివేళ కొత్త వాక్యభాగం వెతికితే మనసు మళ్లీ పనిలో పడుతుంది, తెలిసిన మాటలైతే వాటంతట అవే వస్తాయి. ఫోన్‌లో కాక పుస్తకంలోనే చదవండి, ఎందుకంటే వాక్యం కోసం తెరిచిన ఫోన్ సందేశాల వైపు లాగుతుంది. దీపం ఆర్పాక "నెమ్మదితో నేను పండుకొని" అని ఊపిరి తీసుకుంటూ, "నిద్రపోవుదును" అని నిదానంగా వదులుతూ మనసులో అనుకోండి. ఆలోచన పక్కకు పోతే కంగారుపడకుండా మళ్లీ మొదటి మాటకు రండి.

నడిరాత్రి మెలకువ వచ్చి దాదాపు 20 నిమిషాలు గడిచినట్లు అనిపిస్తే లేచి, మసక వెలుతురులో కూర్చోండి. మీకు ప్రియమైనవారిని ఒక్కొక్కరిగా పేరుపెట్టి ప్రభువుకు అప్పగించండి. వారి సమస్యలను విప్పి చూడనవసరం లేదు, పేరు చాలు. కునుకు రాగానే పడకకు వెళ్లండి. ప్రార్థించమని దేవుడే లేపుతున్నాడని కొందరు నమ్ముతారు. అలా అనిపించిన రాత్రి ప్రార్థించండి, కానీ ప్రతి మెలకువనూ బాధ్యతగా మార్చుకుంటే శరీరం ఆ వేళకే లేవడం నేర్చుకుంటుంది.

పగటి క్రమశిక్షణ కూడా దీనిలో భాగమే. రోజూ ఒకే వేళకు లేవాలి. కాఫీలోని కెఫీన్‌లో సగం సుమారు 5 గంటల తరువాత కూడా ఒంట్లోనే ఉంటుంది గనుక మధ్యాహ్నం తరువాత మానడం మేలు. సంఘ పరిచర్యలో ఉండి రోజూ అర్ధరాత్రి దాకా పనిచేసేవారు 127వ కీర్తనను తమకే రాసినట్లు చదువుకోవాలి: పెందలకడ లేచి, ఆలస్యంగా పడుకొని పడే కష్టాన్ని అది వ్యర్థమంటోంది.

వారానికి 3 రాత్రులకు తగ్గకుండా, 3 నెలలుగా నిద్ర పట్టకపోతే వైద్యుణ్ణి కలవండి. పౌలుకు ప్రియమైన సహచరుడు లూకా వైద్యుడే. దీర్ఘకాలిక నిద్రలేమికి మందుల కంటే ముందుగా సూచించే చికిత్స, ఆలోచనలనూ అలవాట్లనూ సరిచేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. బిగ్గరగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవారు చెప్పినా, బ్రతకాలని లేదన్న తలంపు వచ్చినా, ఒక్క రోజు కూడా ఆగవద్దు. రెండు వారాల పాటు పడుకున్న, లేచిన వేళలు రాసుకొని ఉంటే ఆ కాగితం తీసుకువెళ్లండి. ఇప్పటికే మందులు వాడుతున్నవారు, ప్రార్థన తరువాత నెమ్మది కలిగినా, వైద్యునితో మాట్లాడకుండా వాటిని ఆపకూడదు.