పెద్ద ఘాతాంకాల కూడిక: ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి (5వ పాఠం)

పోయిన పాఠంలో ఒకే భూమి (7⁴⁰ లో 7 భూమి, 40 ఘాతాంకం) ఉన్న పదాల్లోంచి ఉమ్మడి ఘాతాన్ని బయటికి తీయడం చూశాం. ఈసారి దానితోనే పని.

మేనేజ్‌మెంట్ కోర్సుల ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో క్వాంట్ (లెక్కల) విభాగంలో క్యాలిక్యులేటర్ ఉండదు. పీజీ ప్రవేశ పరీక్ష జీఆర్‌ఈలో తెర మీద ఒకటి ఇస్తారు గానీ, దానికి ఎనిమిది అంకెలే దిక్కు. జవాబు 9,99,99,999 దాటిందంటే ‘ఎర్రర్’ అని ఊరుకుంటుంది. 3²⁰ దగ్గరే చేతులెత్తేస్తుంది. కాబట్టి రెండు పరీక్షల్లోనూ అంచనా కట్టక తప్పదు.

7⁴⁰ + 7³⁷ సుమారుగా ఎంత? కంగారులో 7⁷⁷ అని పెట్టేసేవాళ్లు చాలామంది. ఘాతాంకాలు కలపడం గుణకారంలోనే, కూడికలో కాదు. 7³⁷ బయటికి తీస్తే 7³⁷(343 + 1). ఆ 1 వల్ల పెరిగేది 0.3 శాతం కూడా లేదు. 7⁴⁰ అని గుర్తు పెట్టి ముందుకెళ్లండి.

అలాగని ‘ఘాతాంకాల మధ్య 3 తేడా ఉంటే చిన్నది వదిలేయొచ్చు’ అని రూలు రాసుకోవద్దు. 2⁴⁰ + 2³⁷ లోనూ తేడా మూడే. అక్కడ బ్రాకెట్లో వచ్చేది 8 + 1, అంటే ఎనిమిదో వంతు పెరుగుదల. ఆప్షన్లలో 9 × 2³⁷ కనిపిస్తే అదే జవాబు. ఇక 2³⁰ + 2²⁹ + … + 2 + 1 లో మొదటిది తప్ప అన్నీ వదిలేస్తే దాదాపు సగం పోయినట్టే, ఎందుకంటే అసలు మొత్తం 2³¹ − 1. చూడాల్సింది తేడా కాదు, ఎన్ని రెట్లన్నది.

భూములు వేరైతేనే అసలు తిప్పలు. 3²⁰ + 4¹⁵ తీసుకోండి. 20కీ 15కీ ఉమ్మడిగా 5 ఉంది కాబట్టి వీటిని 81⁵, 64⁵ అని రాయొచ్చు. 81ని 64తో భాగిస్తే సుమారు 1.27, దాని ఐదో ఘాతం 3.2 పైచిలుకు. మూడు రెట్లే కాబట్టి చిన్నదాన్ని వదలడానికి లేదు. 4¹⁵ అంటే 2³⁰, అంటే 1024 ఘనం, సుమారు 100 కోట్లు. 3¹⁰ = 59,049. దాన్ని 60 వేలనుకుని వర్గం చేస్తే 360 కోట్లు. మొత్తం 460 కోట్లు. అసలు విలువ 456 కోట్ల చిల్లర, ఆప్షన్ ఎంచుకోవడానికి ఇది ధారాళంగా సరిపోతుంది. 2¹⁰ సుమారు వెయ్యి అన్నది గుర్తుంటే చాలావరకు పని జరుగుతుంది. ఘాతాల పట్టికలన్నీ బట్టీ పట్టడం నా దృష్టిలో దండగ.

అదే 3⁴⁰ + 4²⁰ అయితే 9²⁰, 4²⁰ అవుతాయి. నిష్పత్తి 2.25²⁰, అంటే కోటి రెట్లు పైనే. 4²⁰ ని నిశ్చింతగా మర్చిపోండి.

తీసివేత ఉంటే మాత్రం జాగ్రత్త. 2⁶⁰ + 3¹⁰ − 8²⁰ లో 3¹⁰ ని చిన్నదే కదా అని ముందే కొట్టేస్తే మిగిలేది సున్నా. 8²⁰ కూడా 2⁶⁰ నే. పెద్దవి రెండూ పోయాక జవాబు ఆ 59,049. మైనస్ గుర్తు కనిపిస్తే ముందు పెద్దవాటిని పోల్చి, ఆ తర్వాతే చిన్నవాటి సంగతి చూడండి.

ఇంటిపని: 6³⁰ + 5³⁰ లో 5³⁰ ని వదలొచ్చా? దాని బదులు 5³³ ఉంటే? 1.2⁴ విలువ 2 కంటే కాస్త ఎక్కువ, ఆ సాయం చాలు. జవాబులు 6వ పాఠం మొదట్లో.