మొదటి చీగాంగ్ క్లాసు చెప్పబోయే ముందు జాగ్రత్తలు

ట్రైనింగ్‌లో ఉండి, మొదటిసారి నలుగురికి బాదువాన్‌జిన్ నేర్పబోతున్నవాళ్ల కోసం ఇది. చీగాంగ్ అంటే ఊపిరితో కలిపి మెల్లగా కదిలే చైనా సాధన. అందులో ఒక రకమైన ఈ ఎనిమిది కదలికల బాదువాన్‌జిన్ చూడడానికి తేలికగా ఉంటుంది. అందుకే ఏమరుపాటు వస్తుంది.

☐ బీపీ, గ్లాకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు), మోకాళ్ల నొప్పి, వెన్ను ఆపరేషన్, గర్భం గురించి ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడగండి. అందరి ముందు అడిగితే చాలామంది చెప్పరు.

☐ ఐదో కదలికలో నడుమును, తలను పక్కకు వంచి తిప్పుతాం. ఆరోదానిలో ముందుకు వంగి పాదాలు అందుకుంటాం. నాకు ఎక్కువ భయం ఈ రెండింటి దగ్గరే. బీపీ, గ్లాకోమా ఉన్నవాళ్లను, కళ్లు తిరిగేవాళ్లను తల కిందికి దించనివ్వకండి. చేతులు తొడల దాకా వస్తే చాలు.

☐ చివరిదానిలో మడమలెత్తి ఏడుసార్లు నేలకు తాటిస్తాం. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లు కుర్చీ పట్టుకుని మెల్లగా దించాలి, తాటించకూడదు.

☐ మోకాలు కాలివేళ్ల వైపే వంగాలి. ఊపిరి బిగపట్టించకండి.

☐ తిన్న వెంటనే వద్దు.

☐ మైండ్‌ఫుల్‌నెస్‌కి (ఈ క్షణాన్ని గమనిస్తూ ఉండే ధ్యానానికి) కూర్చోబెట్టినప్పుడు కళ్లు మూసుకోవాలని పట్టుబట్టకండి. పాత గాయాలు మనసులో ఉన్నవాళ్లకు ఆ నిశ్శబ్దంలోనే టెన్షన్, గుండెదడ పెరగొచ్చు. కళ్లు తెరిచి నేలను చూడమనండి, పాదాల స్పర్శ గమనించమనండి. మధ్యలో లేచి వెళ్లినా ఫర్వాలేదని ముందే చెప్పండి.

☐ మందులు మానేయొచ్చని పొరపాటున కూడా అనకండి. ఆ మాట డాక్టరుదే.