గర్భిణికి షుగర్ వస్తే: తిన్న వెంటనే నడవడం ఎలా అలవాటు చేసుకోవాలి?

ఏడో నెల వచ్చేసరికి మన ఇళ్లలో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. ఒకటి గ్లూకోజు నీళ్లు తాగించి చేసే షుగర్ పరీక్ష. రెండోది సీమంతం, పుట్టింటి ప్రయాణం. అమ్మాయి పుట్టింటికి వచ్చిందంటే ఇక ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టనివ్వరు. సరిగ్గా ఒంట్లో షుగర్ పెరిగే కాలం కూడా అదే. మాయ (ప్లాసెంటా) నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. 24 నుంచి 28 వారాల మధ్య ఈ అడ్డు బాగా పెరుగుతుంది. అప్పుడు రోజంతా మంచం మీద కూర్చోబెట్టి, కొసరి కొసరి వడ్డిస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

పరీక్షలో షుగర్ తేలిందని భయపడి ఏడ్చే అమ్మాయిలకు, వాళ్ల అమ్మలకు, అత్తగార్లకు కలిపి రాస్తున్నాను. పొద్దున్నే లేచి గంటసేపు నడవలేకపోయినా ఫరవాలేదు. మూడు పూటలా తిన్న తర్వాత పది, పదిహేను నిమిషాలు నడవండి. షుగర్ పెరిగేది తిన్నాకే కాబట్టి దాన్ని ఖర్చు చేయాల్సిందీ అప్పుడే. కండరం కదులుతున్నప్పుడు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని గ్లూకోజును లోపలికి తీసుకుంటుంది. ఇన్సులిన్ మొరాయిస్తున్న నెలల్లో ఇంతకంటే తేలికైన దారి ఏముంది?

1. ముందు డాక్టరును అడగండి

"నేను నడవొచ్చా?" అని తిన్నగా అడగండి. మాయ కిందికి ఉన్నవాళ్లు, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేయించుకున్నవాళ్లు, రక్తస్రావం అవుతున్నవాళ్లు, ఉమ్మనీరు పోతున్నవాళ్లు, బీపీ బాగా పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోతున్నవాళ్లు, రక్తం మరీ తక్కువగా ఉన్నవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు డాక్టరు చెప్పనిదే మొదలుపెట్టకూడదు. మిగతా ఆరోగ్యవంతులైన గర్భిణులకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పూటకు పది నిమిషాల చొప్పున మూడు పూటలు నడిస్తే ఐదు రోజుల్లోనే ఆ లెక్క తీరిపోతుంది.

ఇంకా పరీక్షే చేయించుకోనివాళ్లు ఆలస్యం చేయకండి. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం గర్భం తెలిసి మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, 24–28 వారాల మధ్య మరోసారి చేయాలి. పరగడుపునే వెళ్లాలన్న నియమం లేదు. 75 గ్రాముల గ్లూకోజును సుమారు 300 మి.లీ. నీళ్లలో కలిపి ఐదు పది నిమిషాల్లో తాగిస్తారు. రెండు గంటలకు 140 గానీ అంతకు మించి గానీ వస్తే గర్భిణి షుగర్ అన్నట్టే. తాగిన అరగంటలోపే వాంతైతే మర్నాడు మళ్లీ చేయించుకోవాలి. ప్రతి నెలా 9వ తేదీన సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. మీ వీధి ఆశా కార్యకర్తను అడిగితే ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది.

2. టిఫిన్ తర్వాతి నడకతో మొదలుపెట్టండి

మూడు పూటలూ ఒకేసారి మొదలుపెట్టడం కష్టమనిపిస్తే ముందుగా పొద్దుటి పూట పట్టుకోండి. గర్భిణి షుగర్‌లో చాలామందికి టిఫిన్ తర్వాతే అంకె బాగా ఎగబాకుతుంది. నాలుగు ఇడ్లీలు తిని, పంచదార వేసిన కాఫీ తాగి, సోఫాలో కూర్చుంటే ఇక చెప్పక్కర్లేదు. ఇడ్లీ రెండుకు తగ్గించి, ఒక గుడ్డో, గిన్నెడు పెసల గుగ్గిళ్లో జోడించండి. చెయ్యి కడుక్కున్నాక మహా అయితే అరగంటలోపే లేచి నడవండి. కడుపు బరువుగా ఉంటే పదిహేను నిమిషాలు ఆగి లేవండి, అరగంట మాత్రం దాటనివ్వొద్దు. అలవాటు లేనివాళ్లు మొదటి వారం పూటకు ఐదు నిమిషాలే నడిచి, మెల్లగా పదికి, పదిహేనుకు పెంచుకోవచ్చు.

ఎంత వేగం? పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత. మాట మధ్యలో ఊపిరి అందకపోతే తగ్గించండి.

మధ్యాహ్నం పూటే అసలు చిక్కు. పప్పన్నం, పెరుగన్నం తిన్నాక "కాసేపు నడుం వాల్చవే తల్లీ" అని అమ్మ అంటుంది. "పది నిమిషాలు తిరిగొచ్చి పడుకుంటానమ్మా" అనండి. పడుకోవద్దని ఎవరూ అనట్లేదు, ముందు నడిచి తర్వాత పడుకోమంటున్నాం, అంతే. అమ్మ కూడా తోడు నడిస్తే మరీ మంచిది. ఈ వయసులో ఆవిడకూ అది అవసరమే.

3. బెజవాడ ఎండను బట్టి చోటు ఎంచుకోండి

మార్చి దాటితే విజయవాడలో పదింటికే ఎండ మాడ్చేస్తుంది, దానికి కృష్ణ మీది ఉక్కపోత తోడు. కడుపుతో ఉన్నవాళ్లకు ఒళ్లు వేడెక్కడం మంచిది కాదు. కాబట్టి వేసవిలో మధ్యాహ్నం నడక ఇంట్లోనే. వంటింటి గుమ్మం నుంచి హాలు మీదుగా వీధి వరండా దాకా వెళ్లి రండి, ఫ్యాన్లన్నీ వేసుకుని. దారిలో పట్టా, పిల్లల బొమ్మలు, తడి లేకుండా ముందే తీయించండి. పటమట, మొగల్రాజపురం అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు మెట్ల ముందరి వరండా చాలు. పొద్దుట, సాయంత్రం చల్లబడ్డాక రాజీవ్ గాంధీ పార్కు లాంటి చోట్లకు వెళ్లొచ్చు. కాలవగట్ల మీద, తవ్విపోసిన సందుల్లో, కుక్కలు తిరిగే వీధుల్లో వద్దు. పొట్ట ముందుకొచ్చాక కాలు ఎక్కడ పడుతోందో కనపడదు. జారే హవాయి చెప్పులు పక్కన పెట్టి మడమకు పట్టీ ఉన్నవి వేసుకోండి.

దాహానికి నీళ్లు, పల్చటి మజ్జిగ. చెరుకు రసం, కూల్ డ్రింకు తాగితే నడిచి తగ్గించిందంతా మళ్లీ ఎక్కుతుంది. దుర్గమ్మ కొండ మెట్లెక్కడం నడకలోకి వస్తుందా అని అడిగేవాళ్లున్నారు. రద్దీలో, కాలే మెట్ల మీద పడిపోయే ప్రమాదం ఉంది. మొక్కు ప్రసవం తర్వాత తీర్చుకోండి, అమ్మవారు ఏమీ అనుకోదు.

నడవలేని రోజు, కాళ్లు లాగే రోజు కుర్చీలో కూర్చుని అర లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని పైకి, పక్కలకు ఎత్తి దించండి. కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు. గోడ పట్టుకుని మడమలు ఎత్తడం పదిసార్లు. నెలలు నిండుతున్నకొద్దీ వెల్లకిలా పడుకుని చేసేవి మానేయండి.

4. అంకె చూసుకోండి

చాలామంది పెట్టుకునే హద్దులు ఇవి: పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు. మీ డాక్టరు వేరేగా చెబితే అదే పాటించండి. గంట లెక్క మొదటి ముద్ద నోట్లో పెట్టిన దగ్గర్నుంచి మొదలవుతుంది, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు.

ఇంట్లో షుగర్ మీటరుతో చూసుకునేటప్పుడు, వేలు పొడిచే ముందు సబ్బుతో చేతులు కడిగి పూర్తిగా తుడుచుకోండి. మామిడికాయల రోజుల్లో ఇది మరీ ముఖ్యం. రసాలు ఒలిచి పిల్లలకు పెట్టిన వేలితోనే చుక్క తీస్తే మీరు ఒక్క ముక్క తినకపోయినా మీటరు బెంబేలెత్తించే అంకె చూపిస్తుంది. పొడవాల్సింది వేలి కొసన మధ్యలో కాదు, పక్కన. నొప్పి తక్కువ. పిండి పిండి తీయకుండా చెయ్యి కిందికి వేలాడదీస్తే చుక్క అదే వస్తుంది.

ఏదో కారణంతో నడవలేకపోయిన రోజు టిఫిన్ తర్వాతి అంకెను, అదే టిఫిన్ తిని నడిచిన రోజు అంకెను పక్కపక్కన రాసి పెట్టండి. ఇలా మూడు నాలుగు జతలు చూస్తే తేడా మీకే తెలుస్తుంది. "నడిస్తే బిడ్డకేమవుతుందో" అని బెంగపడే అమ్మమ్మకు చూపించడానికి ఆ కాగితాన్ని మించింది లేదు.

పరగడుపు అంకె మాత్రం నడకకు అంత తేలిగ్గా లొంగదు. రాత్రంతా కాలేయం విడుదల చేసే గ్లూకోజు అది. తిండి, నడక పాటించినా తగ్గకపోతే డాక్టరు మెట్‌ఫార్మిన్ గానీ ఇన్సులిన్ గానీ రాస్తారు. అది మీ ఓటమి కాదు. మందు మొదలైనా నడక ఆపకండి.

5. ఇన్సులిన్ వాడేవాళ్ల జాగ్రత్త

ఒంటరిగా నడవకండి. కొంగున పంచదార పొట్లం ఉంచుకోండి. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, ఆకలి ఒక్కసారిగా ముంచుకొస్తే కూర్చుని షుగర్ చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల గ్లూకోజు పొడి గానీ పంచదార గానీ నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. మీటరు దగ్గర లేకపోతే ముందు పంచదార నీళ్లు తాగేయండి.

షుగర్ ఉన్నా లేకున్నా నడుస్తుండగా రక్తం కనపడినా, నీరు పోయినా, ఆగి ఆగి పొట్ట నొప్పిగా బిగుసుకుంటున్నా, ఛాతీలో నొప్పి వచ్చినా, తలనొప్పి విపరీతమైనా, ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, బిడ్డ కదలిక తగ్గిందనిపించినా అక్కడే ఆగి ఆసుపత్రికి వెళ్లండి. "రేపు చూద్దాం" అనొద్దు.

6. కాన్పయ్యాక

మాయ బయటికి వచ్చేశాక చాలామందికి షుగర్ దానంతట అదే దిగిపోతుంది. దాంతో ఇక పని అయిపోయిందనుకుంటారు. కానీ గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకు తర్వాత టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. అందుకే ఆరు వారాలకు అదే 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష మళ్లీ చేయించుకోవాలి, తర్వాత ఏటా షుగర్ చూపించుకోవాలి. బాలింత గుమ్మం దాటకూడదని ఇంట్లో అంటే, బిడ్డకు ఆరు వారాల టీకాలు వేయించడానికి ఎలాగూ తీసుకెళ్లాలి కదా, ఆ రోజే మీ పరీక్షా పెట్టించుకోండి.