కచేరీకి ముందు బేస్ గిటార్ వాయించేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

వినాయక చవితి పందిరికైనా, పెళ్లి రిసెప్షన్‌కైనా బయలుదేరే ముందు బ్యాటరీ సంగతి చూసుకోవాలి. యాక్టివ్ బేస్ గిటార్‌లోని (అంటే లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్న గిటార్‌లోని) 9 వోల్టుల బ్యాటరీ, కేబుల్ జాక్‌లో ఉన్నంతసేపూ, వాయించకపోయినా ఖర్చవుతూనే ఉంటుంది కాబట్టి, సాధన ముగియగానే కేబుల్ తీసివేయాలి. సంచిలో కొత్త బ్యాటరీ ఒకటి ఉంచుకోవాలి. ఒకసారి నేను రాత్రంతా కేబుల్ అలాగే వదిలేసినందుకు, మరునాడు రెండో పాట చరణంలోనే నా గిటార్ గరగరమని మూగబోయింది.

కరెంటు విషయంలో మొహమాటం పనికిరాదు. జనరేటర్ నుంచి తాత్కాలికంగా లాగిన వైరింగులో ఎర్త్ సరిగా లేకపోతే, చేయి తీగల మీద ఉండగా పెదవులు మైకుకు తగిలినప్పుడు షాక్ కొట్టే ప్రమాదం ఉంది. అందువల్ల ఎర్త్ పిన్ను విరిచేసిన ఎక్స్‌టెన్షన్ బోర్డును ఎవరు ఇచ్చినా నిరాకరించి, ఎర్త్ ఉన్నదని ఎలక్ట్రీషియన్‌చేత పరీక్ష చేయించిన తరువాతే ఆంప్లిఫయర్ ఆన్ చేయాలి.

ఏసీ గదిలోంచి ఉక్కపోతలోకి వచ్చిన గిటార్ శ్రుతి తప్పుతుంది గనుక, అరగంట ముందే పెట్టెలోంచి తీసి ఇ, ఎ, డి, జి తీగలను క్లిప్ ట్యూనర్‌తో (గిటార్ తలకు తగిలించే శ్రుతి పరికరంతో) సరిచూడాలి. పక్కన డప్పులు మోగుతుండగా 41 హెర్ట్జ్‌ల అతి మంద్రమైన ఇ తీగను చెవితో పోల్చుకోవడం, ఎంత అనుభవం ఉన్నా, దాదాపు అసాధ్యం.

గాయకుడు చివరి నిమిషంలో ఏ పాటకైనా శ్రుతి మార్చాడేమో కీబోర్డు వాయించే అన్నగారిని అడిగి తెలుసుకోవాలి. స్ట్రాప్ గుండీల స్క్రూలు బిగించాలి. డ్రమ్స్ పక్కన నిలబడేవారు ఇయర్‌ప్లగ్‌లు మరువరాదు.